సున్నా నిమిషాలు

సోమవారం తొమ్మిదింటికి హెగ్డే మేడం
బోర్డు మీద కిందికి వాలే గీత ఒకటి గీసి
డిస్కౌంట్ రేటు అన్నారు.
రేపటి రూపాయి ఇవాళ్టి రూపాయి కన్నా
ఎప్పుడూ చిన్నదేనట.
మా హిందూపురం సంతలో
రోజువడ్డీకి తిప్పే కదిరప్పకి
ఈ సంగతి గీత లేకుండానే తెలుసు.
నేను మాత్రం ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఏం చదువుతున్నావే, అంటుంది అత్త ఫోనులో.
పబ్లిక్ పాలసీ.
ఎల్లైసీ ఏజెంటు పనికి రెండేళ్ల చదువా?
కాదత్తా,
ప్రభుత్వం ఒక పని ఎందుకు చేస్తుందో,
చేస్తానన్నది ఎందుకు చెయ్యదో,
చేశానని లెక్క ఎలా చూపిస్తుందో, అదీ.
ఆ మూడోది వస్తే చాలులే, అంది
ముప్పై ఏళ్లు పంచాయతీ ఆఫీసులో రిజిస్టర్లు రాసిన మనిషి.

మనిషి ప్రాణానికి వెల కట్టడం కూడా నేర్పారు.
నా జవాబు పక్క కుర్రాడి జవాబు కన్నా
పన్నెండు లక్షలు తక్కువొచ్చింది.
తప్పెక్కడని రాత్రంతా వెతికాను.
తప్పేమీ లేదు.
వాడు మగకూలీ రేటు వేశాడు,
నేను ఆడకూలీది.

అక్టోబర్లో ఫీల్డుకి పంపారు.
మత్తికెరె, పొద్దున ఐదూ ముప్పావు,
సన్నగా తుంపర.
మేస్త్రీ పట్టుకున్న ఫోనులోకి
ఒక్కొక్కరే మొహం చూపించి హాజరు వేయించుకుంటున్నారు
ఊడ్చేవాళ్లు.
చెమ్మకి ఫోను ఓబుళమ్మను గుర్తుపట్టలేదు.
కొంగుతో తుడుచుకుంది, ఫోన్ని కాదు, మొహాన్ని.

నా కన్నడం రెండు వాక్యాలు విని నవ్వింది.
తెలుగోళ్ల పాపవా, మాది పావగడ పక్కన.
ముప్పై ఆరు ప్రశ్నలు నా ట్యాబులో.
పద్నాలుగోది:
మీరు పనిచేసే చోటు నుంచి మరుగుదొడ్డికి
నడిచి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు?

యాడుండాది పాపా, నడిచేకి?
పదకొండయ్యేదాకా మేం నీళ్లే ముట్టం.
తాగితే కదా పోవాల్సింది.

చీపురుకి ప్లాస్టిక్ తాడు బిగిస్తూ చెప్పింది,
ఫిర్యాదులా కాదు,
పప్పులో ఉప్పెక్కువైతే ఏం చెయ్యాలో చెప్పినట్టు.

అంకె వెయ్యందే ట్యాబు ముందుకు కదలదు.
వెనక ఇంకా పద్దెనిమిది మంది. లారీ హారను.
నడవరు కదా అనుకుని
సున్నా కొట్టాను.
చౌడమ్మకీ సున్నా.
ఆ వరుసంతటికీ సున్నా.

మూడు వారాల తర్వాత
గ్రాఫులో ఆ వార్డు అన్నిటి కన్నా పైన.
సున్నా నిమిషాలు!
చెయ్యి చాపితే అందేంత దగ్గర మరుగుదొడ్డి,
ఊరు ఊరంతటికీ ఆదర్శం.
మేడం కళ్లద్దాలు పైకి తోసుకుని
ఇక్కడేదో బాగా చేశారు,
ఏం చేశారో కనుక్కో, అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో సున్నాలన్నీ చెరిపేశాను.
ఖాళీ గడులుంటే సాఫ్ట్‌వేరు వరుసకి వరుసే తీసేస్తుంది.
రెండు వందల పన్నెండు మంది
నూట తొంభై ముగ్గురయ్యారు.
ఓబుళమ్మ ఈసారి మొహం తుడుచుకునే వీలు కూడా లేదు.
సరే, తొంభై తొమ్మిది వేద్దామని
కోడు పుస్తకం తెరిచాను.
తొంభై తొమ్మిది అంటే: వర్తించదు.

వర్తించదు.
కిందికెళ్లి కూలరు దగ్గర రెండు గ్లాసులు నీళ్లు తాగొచ్చాను.

పొద్దున చెప్పాను.
మేడం చాలాసేపు కిటికీలోంచి పార్కింగు వైపు చూసి
అసలు ప్రశ్నే తప్పు, అన్నారు.
ఇంత మంది కళ్లు దాటి ఎలా వచ్చింది?
ఎవరు రాశారు ఇది?

నేనే మేడం.
జూలైలో. ఏసీ గదిలో.
మీరు పక్కన టిక్కు కూడా పెట్టారు.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

కొత్త పద్నాలుగో ప్రశ్న, ముసాయిదా:
పనికొచ్చిన రోజు
మొదటి గుక్క నీళ్లు ఎన్నింటికి తాగుతారు?
కింద చుక్కల గీత.
అంకె అక్కర్లేదు, మాటలు పట్టేలా గీశాను.
పొడుగెక్కువైంది, పేజీ చాలదు అంటున్నాడు
ట్యాబులోకి ఎక్కించే కుర్రాడు.
వాడితోనే ఇంకా తగువు పడుతున్నాను.