నత్తల వేపుడు

ఆశ్వయుజం వచ్చిందంటే అల్లిపురంలో మా ప్రెస్సుకి
ఆకలీ కళా ఒకే ఆటోలో దిగుతాయి.
ఒకే బల్ల మీద మెనూ కార్డులు, ఆహ్వాన పత్రికలు,
ఎర్రసిరా పెన్నుతో నేను.
ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ ఊరు తినబోయేదీ వినబోయేదీ
ఒక పూట ముందు నాకే తెలుస్తుంది.

ఈసారి పదకొండు హోటళ్ళు.
సిరిపురంలో మేడ మీద ఒకటి, ఋషికొండ మలుపులో రెండు.
పెదవాల్తేరులో నిరుడు జిమ్ము ఉన్నచోట
అద్దాలు అలాగే ఉంచేసి బిర్యానీ పెట్టారు,
ఎవరి నోరు వాళ్ళే చూసుకుంటూ తినాలి.
'కోడి పలావు'ని 'కోడి పాలవు' చేసుకొచ్చారు.
కోడికి పాలేమిట్రా అంటే
ఫాంటు సార్, అన్నాడు డిజైను కుర్రాడు.
ఈ రోజుల్లో తప్పులన్నీ ఫాంటువే.

గ్రంథాలయంలో ఎవరిదో కథల పుస్తకం 'ఆవిషకరణ'.
ష కింద కావత్తు తగిలించి విషం దింపాను.
వన్ టౌన్‌లో వారసత్వ నడక, పొద్దున్న ఆరింటికి, చివర్న ఇడ్లీ.
వీణ కచేరీ కార్డు మీద వీణ బొమ్మకి
తీగలు ఏడున్నాయా అని కూడా లెక్కపెట్టాను,
అది నా పని కాదు.

ఆఖరున, రాత్రి పదకొండింటికి,
లాసన్స్ బే నుంచి మృదుల అనే అమ్మాయి వచ్చింది,
చేతిలో ఫోను, కళ్ళకింద బ్యాంకు లోను.
హోటలు పేరు 'ఏటి తింతారు'.
వంట గరికిన నూకరత్నం, జాలారిపేట.
ఆవిడ చెబుతుంటే ఈ పిల్ల టైపు చేసిందట:
కోనం పులుసు, చందువ ఇగురు, సొర పొరటు, నెత్తళ్ళ వేపుడు.
కరెంటు పోయింది, వచ్చింది, పోయింది.
హార్బరులో మూడో నంబరు ఎగరేశారని వాచ్‌మన్ చెప్పాడు.
సెల్‌ఫోను వెలుతురులో దిద్దాను.

తెల్లారి చూస్తే, అయిదొందల కార్డుల్లోనూ
ఎత్వం గాలికి ఎగిరిపోయి
నత్తల వేపుడు.

నా డబ్బుతో అయిదొందల స్టిక్కర్లు కొట్టించి
సాయంత్రం వానలో బయల్దేరాను.
రెండొందల మందిని పిలిస్తే తొమ్మిదిమంది వచ్చారు.
ఫ్లెక్సీ చిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయింది.
గజపతినగరం అవతలి నుంచి
కోరాడ గురువులు తప్పెటగుళ్ళ దళం, పదహారు మంది,
వేను దిగి తడిసిన నిక్కర్లు పిండుకుంటున్నారు.
చూరుకింద యాప్ ఆపేసుకుని డెలివరీ కుర్రాళ్ళు.
వాళ్ళనీ లోపలికి రమ్మంది మృదుల.
కుర్చీలు గోడకి జరిపారు.
రొమ్ము మీద రేకు మోగింది,
గాజు తలుపు బయట సముద్రం
తాళం తప్పి, మళ్ళీ అందుకుని,
కాసేపు ఎవరు ఎవరిని వాయిస్తున్నారో తెలీలేదు.

ఆట అయ్యాక గురువులు కార్డు పట్టుకుని
కూడబలుక్కుంటూ చదివాడు.
"నత్తలా! మాయమ్మ వండీది బావూ,
పట్నంలో నత్తలు దొరుకుతాయనుకోనేదు."
నా చెయ్యి జేబులో స్టిక్కర్ల మీద బిగిసింది.
నూకరత్నం పళ్ళెం తెచ్చి పెట్టింది.
రెండు నోట్లో వేసుకుని ఆయన తలెత్తాడు.
"ఇవి నెత్తళ్ళు గదమ్మా."
"అవును బావూ. అచ్చేసినాయన కళ్ళలో వానడ్డాది.
రేపు రా, నత్తలే వండుతాను."
పదహారు మందీ నవ్వారు. నవ్వుకి గజ్జెలున్నాయి.

వాయుగుండం ఆ రాత్రి ఎక్కడో తీరం దాటింది.
గురువులు మర్నాడు రాలేదు, కోతలట.

స్టిక్కర్లు ఒక్క కార్డు మీదా అంటించలేదు.
ఒక కుర్రాడు మాత్రం ఒకటి అడిగి తీసుకున్నాడు.
మొన్న మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర
నా ముందు బండి మీద, హెల్మెట్ వెనక,
ఎత్వంతో, ళావత్తుతో,
ఒక్క తప్పూ లేకుండా
నెత్తి మీద నెత్తళ్ళు.
పచ్చలైటు పడింది. నేను ఇంకా చదువుతున్నాను.