డొల్ల చప్పుడు

కుండ కొనేముందు
వేలి కణుపుతో కొట్టి చూస్తామే,
నా ఉద్యోగం అదే.
కాకపోతే నా కుండ డెబ్బై అడుగుల పొడవు,
ఎనభై ఏడేళ్ల వయసు,
కింద సారెల్ రన్ అనే బక్క వాగు.

పెన్సిల్వేనియా పడమటి కొండల్లో, అక్టోబరు మంచులో,
నడుముకి తాడు బిగించుకుని
దూలాల కింద వేలాడుతూ సుత్తితో తడతాను.
టంగుమంటే గట్టి.
డబ్బుమంటే డొల్ల.
డొల్ల ఉన్నచోటల్లా పసుపు సుద్దతో సున్నా చుడతాను.
తెల్లారింది మొదలు నలభై ఒక్క సున్నాలు.
ఒడ్డు మీంచి చూస్తే
వంతెనకి అమ్మవారు పోసినట్టుంది.

ఏడుంబావుకి బస్సొచ్చి ఆగుతుంది.
బోర్డు మీద మూడు టన్నులని ఉంది,
బస్సు పన్నెండు.
డోలరెస్ హ్రబోవ్‌స్కీ తలుపు తీసి
"దిగండి, ఒకరి వెనక ఒకరు" అంటుంది.
పద్నాలుగు మంది పిల్లలు వీపు సంచులతో నడిచి
అవతల ఇంకో బస్సెక్కుతారు.
నా నెత్తిమీద ఇరవై ఎనిమిది బూట్లు,
మధ్యలో ఒకడు కావాలని గెంతుతాడు.
వానొస్తే నాలుగు పుస్తకాలు తడుస్తాయి,
అంతే కదా, అన్నాడు కౌంటీ ఖజానా చూసే పెద్దమనిషి.

అంతే.
మెర్ల్ స్టౌఫర్ పాల ట్యాంకరు
రోజూ పందొమ్మిది మైళ్లు చుట్టు తిరిగి పోతుంది.
డీజిలు ఖర్చు ఒక కాగితం మీద రాసి
ఫ్రిజ్జుకి అంటించుకున్నాడు.
కిందటి చలికాలం ముప్పై ఆవుల్ని అమ్మాక
ఆ కాగితం పీకేశాడు.

నిరుడు పంపుల వాల్వులు చేసే కంపెనీ నుంచి
ఇద్దరొచ్చారు.
మూతపడ్డ గాజు ఫ్యాక్టరీ షెడ్డు చూసి బాగుందన్నారు.
వాగుదాకా నడిచొచ్చి బోర్డు చదివారు,
ఫోటో తీసుకున్నారు,
మళ్లీ రాలేదు.
అరవై ఉద్యోగాలట.
రానివాటికి పద్దు ఏ పుస్తకంలో రాస్తాం?

మీటింగులో అడిగారు:
రోజుకి మూడొందల బళ్లు పోయే దారికి
నలభై లక్షల డాలర్లా?
ఏటికేడు వాయిదా వేసి
ఎంత ఆదా చేశారో గీతల పటం చూపించారు.
మీరు విత్తనపు వడ్లు దంచుకు తింటున్నారు
అనాలని నోటిదాకా వచ్చింది.
వడ్లు ఎరగని ఊరు.
"దూలంలో ముప్పై శాతం తుప్పు తినేసింది" అన్నాను,
కూర్చున్నాను.
కాఫీ బాగుంది ఆ రోజు.

వంతెన మూలన ఇత్తడి పలక ఒకటుంది,
బొటనవేలితో రుద్దితే 1938 కనిపిస్తుంది.
ఊళ్లో సగం పొయ్యిలు వెలగని కాలమట.
ఉచిత సూపు కోసం వరసలో నిలబడ్డ చేతులే
ఈ కంకర మోశాయి, ఈ సిమెంటు కలిపాయి.
అప్పటికి మెర్ల్ తాత
పాలు గుర్రబ్బండి మీద తోలేవాడు.
ట్యాంకరు ఇక్కడెవరూ కళ్లచూడలేదు.
బడి బస్సూ లేదు.
చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు
ఇంకా పుట్టని బండికి తోవ వేసి పోయారు.
మనకి డబ్బు చాలడం లేదంటున్నాం.

సాయంత్రం రెయిలింగు మీంచి ఒక తల వంగింది,
టీగన్ యోస్ట్, ఎనిమిదేళ్లు, ముందరి పన్ను లేదు.
"ఏం చేస్తున్నావు అక్కడ?"
"వింటున్నాను."
పైకొచ్చి సుత్తి చేతికిచ్చాను.
ఒకచోట కొట్టి, చెవి ఆనించి,
"ఇక్కడున్నారు" అంది.
రెండడుగులు జరిగి మళ్లీ కొట్టింది.
చాలాసేపు విన్నది.
"ఇక్కడ ఎవరూ లేరు."

సుద్ద ఇచ్చాను.
అవతల డోలరెస్ హారన్ మోగిస్తుంటే
నాలిక బయటపెట్టి మరీ గీసింది,
నలభై రెండో సున్నా,
కాస్త వంకర.
రిపోర్టులో దాన్నీ ఎక్కించాను.