రెండుకి ఒకటి

గురువారం సాయంత్రం ఏడింటికి
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ సైరన్ కూశాక
చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని వస్తారు వాళ్ళు.
మతుజిన్యుష్ రేవు వెనక వీధిలో
రెండో అంతస్తులో మా రాత్రిబడి,
కింద వలలు బాగుచేసే కొట్టు.
ఎంత రుద్దినా పోదు,
నోటుపుస్తకాల్లో పేజీ పేజీకీ చేప వాసన.

ఆ రోజు ఉపమ, రూపకం.
బోర్డు మధ్య గీత గీసి చెప్పాను:
"లాగా" ఉంటే ఉపమ,
"లాగా" తీసేసి రెంటినీ ఒకటి చేస్తే రూపకం.
జుల్మీర వెంటనే అందుకుంది:
"మా ఫోర్‌మన్ పీతలాగా నడుస్తాడు. ఇది ఉపమ.
మా ఫోర్‌మన్ పీత. ఇది రూపకం.
ఇదే మాట అతని ముందంటే దాన్నేమంటారు?"
"విషాదాంతం" అన్నాను.
గది గొల్లుమంది.

వాళ్ళకి తెలియనివి కావు, పేర్లే తెలియవు.
కథ ఎవరు చెబుతున్నారో చూసుకోమంటే
ఇదాలీన చెయ్యెత్తింది.
నష్టపరిహారం కాగితాల్లో
తన వేలు తెగిన కథ కంపెనీ చెప్పిందట.
అందులో కత్తి లేదట, తొందర లేదట,
"అజాగ్రత్త" అనే ఒక్క పాత్రే ఉందట.
నమ్మదగని కథకుడికి
పదిహేనేళ్ళుగా నేను చెబుతూ వచ్చిన ఉదాహరణలన్నీ
ఆ లేని వేలి ముందు వెలవెలబోయాయి.

సూచన అంటే
జరగబోయేదాని నీడ ముందే కథలో పడటం అన్నాను.
"మాకు జరిగాకే కనిపిస్తుంది నీడ"
అంది వెనక బెంచీ నుంచి ఓ గొంతు.
ఎవరిదో పట్టుకోలేదు నేను,
బోర్డు తుడుస్తున్నాను.

తర్వాతి వారం చిన్న పరీక్ష.
అలంకారాలకు సొంత ఉదాహరణలు రాయాలి.
దెవులిందకి యాభై ఎనిమిదేళ్ళు,
పెన్సిలు పట్టుకుంటే పొలుసు గీకుతున్నట్టుంటుంది.
ప్రాణం లేనిదానికి ప్రాణం పోసి చెప్పమన్న చోట
ఒక్క వాక్యం రాసింది:
"సముద్రం నా మొగుణ్ణి తీసుకుపోయింది."
ఎర్రసిరాతో టిక్కు పెట్టి
రెండుకి రెండూ వేశాను,
"చక్కటి ఉదాహరణ" అని కూడా రాశాను,
సిగ్గు లేకుండా.

కాగితాలు పంచాక అందరూ మెట్లు దిగారు.
ఆమె దిగలేదు.
నా బల్ల మీద కాగితం పరిచి
మార్కుల మీద వేలు పెట్టింది.
"ఇది తప్పు టీచర్. తగ్గించండి."
"బాగుంది కదా! సముద్రానికి చేతుల్లేవు,
అది ఎవర్నీ తీసుకుపోదు,
మనమే అలా ఊహించి..."
"నేనేం ఊహించలేదు.
డిసెంబరు పన్నెండు. తెల్లవారుజాము నాలుగు.
పడవకి మా అత్తగారి పేరు.
ఆయన స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగుంది,
వచ్చాక కుడదామనుకున్నాను.
ఐదుగురు వెళ్ళారు. మర్నాడు పడవ వచ్చింది,
నలుగురు వచ్చారు.
తీసుకుపోయింది. అంతే.
అలంకారం ఏదీ గుర్తు రాక
జరిగింది రాసేశాను."

కింద కొట్లో ఎవరో రేడియో కట్టేశారు.
వాచ్యార్థం, లక్ష్యార్థం, వ్యంగ్యార్థం,
నా దగ్గరున్న మాటల్ని ఒక్కొక్కటే
పైకి తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాను.
వాచ్యార్థం, అంటే మాట ఉన్నది ఉన్నట్టు.
అది మొదటి మెట్టేనని
ఇన్నేళ్ళూ అందర్నీ తొందరగా దాటించేశాను.

ఒక మార్కు కొట్టేశాను.
రెండోదీ కొట్టేయబోతే నా చెయ్యి పట్టుకుంది.
"వాక్యంలో తప్పుల్లేవు కదా, అది ఉంచండి."
అంకె దిద్ది సంతకం పెట్టాను.
కాగితాన్ని నాలుగు మడతలేసి
బస్సు పాసు పక్కన దాచుకుంది.

తలుపు దగ్గర ఆగి అడిగింది:
"వచ్చే గురువారం ఏం పాఠం?"
"అతిశయోక్తి."
"అది జుల్మీరకి వచ్చు" అంటూ
కమ్మీ పట్టుకుని
ఒక్కో మెట్టూ దిగింది.