గడియ

ఏడేళ్ళలో ఆరుగురు.
నాకు పేర్లు నిలవవు, టీలు నిలుస్తాయి.
చక్కెర వద్దనే సారు పదినెలలు,
అల్లం దంచమనే మేడమ్ ఒక్క ఎండాకాలం,
టీయే ముట్టని కుర్రాడైతే
చేరిన రోజే వంటషెడ్డు పక్క నీళ్ళట్యాంకు ఎక్కి
"సిగ్నలే లేదన్నా" అని గుంటూరుకి అరిచి చెప్పాడు.

ఎవర్నీ తప్పుపట్టను.
ప్రత్తిపాడు వైపు పోయే చివరి బస్సు మూడూ నలభైకి,
మా బడి గంట నాలుగింటికి.
ఆ తర్వాత మిరపబస్తాల ఆటో దొరికితే
బస్తాల మీదే కూర్చుని,
ఇంటికెళ్ళేదాకా తుమ్ములే.

తాహెరా టీచరు వచ్చినప్పుడు
కొత్త గ్లాసు కూడా తీయలేదు నేను.
పోయేవాళ్ళకి సొట్టగ్లాసు చాల్లే అనుకున్నా.

రెండోవారం చూశా:
ఆమె సీసా నిండుగా వస్తోంది,
నిండుగానే పోతోంది.
కోతలకాలం, అంత ఎండ, గుక్కెడు తాగదు.
ఆడమనిషికి విడమర్చి చెప్పాలా?
బడి మరుగుదొడ్డికి గడియ లేదు.
ఉన్న ఆ గదిలోనే
ఏడేళ్ళుగా నా కట్టెలు పేర్చుకున్నది నేనే.

కట్టెలు బయటికి లాగా.
పట్నంబజారులో గడియ అరవై రూపాయలు,
మరలు నాలుగిచ్చాడు, ఒకటి వంకర.

బస్సు అంత తేలిగ్గా కదల్లేదు.
ఏడుగురు తల్లులం, డిపోకి మూడుసార్లు.
"రూటు గిట్టదమ్మా" అన్నాడు మేనేజరు రెండుసార్లు.
మూడోసారి ఏస్తేరు
"మూడు కూళ్ళు పోయాయి సారూ, అవి నువ్విస్తావా" అని
అతని బల్ల ముందే చతికిలబడింది.
పెన్ను తీశాడు.
మూడూ నలభై కొట్టేసి నాలుగూ అయిదు రాశాడు.
మా అత్త లెక్కలో
అది ఒక్క గడియ కాలం.

ఇప్పుడు బదిలీల రోజులు.
బ్రాడీపేటలో నెట్ సెంటర్ల ముందు టీచర్ల క్యూలట.
ఆమె ఏ ఊళ్ళు పెట్టుకుందో
అసలు పెట్టుకుందో లేదో
నేనడగలేదు.
ఉండమని బతిమాలలేదు, దండలు వేయలేదు.
పట్నంలో ఆమెకూ ఇల్లుంది, బడికెళ్ళే పిల్లుంది.

ఇవాళ మధ్యాహ్నానికే సీసా ఖాళీ.
రెండోతరగతి పిల్లోడు
బోరింగు దగ్గర నింపుతూ సగం చొక్కా తడుపుకున్నాడు.
యాలక్కాయ వేస్తే ఇష్టమని
నిన్ననే తెలిసింది.
పావుకిలో కొనాలా,
యాభైగ్రాములు చాలా
అని కొట్టుముందు నిలబడ్డా.