రోజుకి నలభై నిమిషాలు

కామా నది గడ్డకట్టిన వారం
ఫాగిమా వచ్చింది, చేతిరుమాల్లో మొగుడి గడియారం.
"రోజుకి నలభై నిమిషాలు ముందుకి పోతోంది.
ఆయనుండగా ఎన్నడూ లేదీ తొందర."

వెనక మూత తిప్పాను.
తుప్పు లేదు. రాళ్లు పగల్లేదు.
నూనె ఎండింది, నిజమే,
కానీ ఎండిన నూనె కుంటి నడక నేర్పుతుంది,
పరుగు నేర్పదు.

కంట్లో భూతద్దం బిగించి వంగితే
హెయిర్‌స్ప్రింగులో
విడివిడిగా ఊపిరి తీయాల్సిన చుట్టలు రెండు
అతుక్కుపోయి ఉన్నాయి,
ఒకే కంబళి కిందికి దూరిన పిల్లల్లా.

తల్గత్ మాస్టారి పాత దిక్సూచి పక్కన పెట్టాను.
ముల్లు ఉత్తరాన్ని వదిలేసి
గడియారం వైపు వణికింది.

"దీన్నెక్కడ పెడతావు?"
చేతిసంచి ఎత్తి చూపింది. కజాన్‌లో కూతురు కొన్నదట.
మూత వదిలింది:
టక్.
దానంతటదే మూసుకుంది.

ఇద్దరం ఆ సంచి వంకే చూస్తూ కూర్చున్నాం.

తీగచుట్టలో గడియారాన్ని ఉంచి
మీట నొక్కి
చెయ్యి చాచినంత దూరం, మెల్లగా, మెల్లగా వెనక్కి.
అంతే వైద్యం.
చుట్టలు విడిపోయాయి.
ఇరుసులకి సూదిమొనతో చుక్క చుక్క నూనె.

"ఇప్పుడు రోజుకి పది సెకన్లు వెనక, అంతే."
"పదేనా!" నవ్వింది.
"రేవు నుంచి ఇంటికి రావడానికే
మూడు గంటలు చేసేవాడు నుర్గాయన్."

అలవాటుగా సంచి తెరిచి, ఆగి,
కోటు చెయ్యి పైకి లాగింది.
పట్టీ ఆమె మణికట్టుకి మరీ వదులు.
ఆరతో ఇంకో రంధ్రం పొడిచాను.
దానికి డబ్బు రాయలేదు.