‘భ’ గడి ఖాళీ

గవర్నర్‌పేటలో ఆ ప్రెస్సు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు.
అప్పట్లో మెట్ల కింద, కిరసనాయిలు వాసనలో
నేను కంపోజిటర్ని. రోజుకి ఎనిమిది పేజీలు.

భైరవమూర్తి నవల వచ్చిందంటే
మధ్యాహ్నానికే ‘భ’ గడి ఖాళీ.
భయం, భవంతి, భర్త.
పక్క కేసులోంచి అప్పు తెచ్చేవాణ్ని.
అదీ చాలకపోతే ‘బ’ వేసేసేవాణ్ని.
ఏడో నవల్లో ఒక పేజీ నిండా ‘బయం’ అనే ఉంటుంది.
ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు.

భైరవమూర్తికి మీసాలుంటాయనుకున్నాను.
ఒకరోజు పొద్దున ఏడింటికి
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రాత్రి డ్యూటీ దిగి
చెవుల మీద హెడ్‌ఫోను నొక్కిన ఎర్ర గుర్తులతో
నిడుమోలు హైమవతి గారు వచ్చారు.
క్యారేజీ అడుగు గిన్నెలోంచి
ట్రంకు కాల్ చీటీల కట్ట తీశారు.
వెనకవైపు నవల. ముందువైపు
ఏలూరు, తెనాలి, అర్జెంటు, మూడు నిమిషాలు.

‘బయం’ సంగతి ఒప్పుకున్నాను.
“పర్లేదులే మేస్త్రీ, ఒత్తు లేకపోయినా
అది అదే” అన్నారు.
“రాత్రి రెండింటికి మోగే ఫోనులో
చెప్పేవాడు చెప్పబోయి ఒక్కసారి ఊపిరి పీలుస్తాడు.
ఆ కాసేపు తీగలో ఏదో మెదులుతుంది.
నేను రాసేది అంతవరకే.”

నిజమే, ఆమె పుస్తకాల్లో దెయ్యం లేదు.
‘తడి పాదాలు’లో లంక మీద మేడ.
కృష్ణ వరద తీశాక మెట్ల మీద ఒండ్రు,
ఒండ్రులో పైకెళ్ళిన అడుగులు. దిగినవి లేవు.
‘పదకొండో గుమ్మం’లో చిన్నకోడలు గుమ్మాలు లెక్కపెడుతుంది.
పొద్దున పది. సాయంత్రం పది.
అత్తగారు లెక్కపెడితే పదకొండు.

ఇరవై మూడు నవలలు ఈ వేళ్ళతో పేర్చాను.
ఇరవై మూడింట్లోనూ
తలుపు గడియ బయటవైపే ఉంటుంది.
పద్దెనిమిదో దానికి గాని నాకు తట్టలేదు.
ఆమెని అడగలేదు.
ఆ రాత్రి ఇంటికెళ్ళి
మా తలుపుల గడియలు ఎటున్నాయో చూసుకున్నాను.

నవలకి నూట ఇరవై ఇచ్చేవాడు ఓనరు.
“ఆడవాళ్ళు భయపెడితే ఎవడు కొంటాడమ్మా” అని
ఆ మగపేరు పెట్టింది ఆయనే.
తర్వాత ఆడపేర్లకి గిరాకీ వచ్చింది.
తన బావమరిదికి వెంటనే ఒక ఆడపేరు తగిలించాడు.
ఈవిడ మాత్రం భైరవమూర్తిగానే ఉండిపోయారు.
అది విని ఆమె నవ్విన నవ్వు
ఏ టైపుతోనూ పేర్చలేను.

డెబ్బై ఏడు నవంబరు. తుపాను రాత్రి
ఆమె బోర్డు మీదే ఉన్నారట.
అవనిగడ్డ వైపు లైన్లు
ఒకటొకటీ మూగబోతుంటే
తెల్లారేదాకా ప్లగ్గులు గుచ్చుతూనే ఉన్నారట.
ఇరవై నాలుగో నవల సగంలో ఉంది.
చీటీల కట్ట మళ్ళీ రాలేదు.
ఓనరు రెండుసార్లు కబురంపి, మానేశాడు.

ఆఫ్‌సెట్ వచ్చాక మా సీసమంతా తూకానికి పోయింది.
కొన్నది సీతానగరం జాలరి.
కరిగించి వలలకి గుళ్ళు పోసుకున్నాడు.
బ్యారేజీ మీద నడిచినప్పుడల్లా
వల విసిరిన చప్పుడుకి ఆగుతాను.
ఆమె ‘భ’లన్నీ ఆ అడుగున
చేపల మధ్య దొర్లుతుంటాయి.

మొన్న ఆదివారం ఏలూరు రోడ్డు ఫుట్‌పాత్ మీద
‘పదకొండో గుమ్మం’ దొరికింది. పది రూపాయలు.
ఆఖరి ఫారం ఊడిపోయింది.
“చివర్లో ఏమవుతుంది తాతా?” అన్నాడు కుర్రాడు.
పేర్చింది నేనే, గుర్తు లేకేం?
కానీ ఆ పేజీ నా కళ్ళలో
తలకిందులుగానే ఉంది, స్టిక్కులో ఉన్నట్టే.
చదివి చెప్పబోయి
ఒక్కసారి ఊపిరి పీల్చాను.