మూడో నంబరు మీటరు

బిల్లు కామాక్షమ్మ గారి పేరున వస్తుంది.
ఆమె పోయి పదకొండేళ్లు.
నా ఫ్యాను తిరిగితే
బాకీ ఆమె పడుతుంది.

ఈ నెల రెండువేల తొమ్మిదివందల అరవై.
వేదాయపాలెంలో మేడమీద ఒకటిన్నర గది,
ఒక ట్యూబులైటు,
తలుపు సరిగా పడని పాత ఫ్రిజ్జు.
రాత్రి డ్యూటీ పొగతోట ఆసుపత్రిలో.
తెల్లవార్లూ ఎవరెవరి సెలైను చుక్కలో లెక్కపెట్టే నేను
ఇంట్లో ఇంత కరెంటు ఎప్పుడు తాగానో
నాకే తెలీదు.

వెంకురెడ్డి గారు కళ్లద్దాలు నుదుటికి నెట్టి
"మీటరు అబద్ధమాడదు మా,
ఏసీ గానీ పెట్టుకున్నావేమో చూసుకో" అన్నాడు,
ఏసీని నేనెక్కడో దుప్పటి కింద మర్చిపోయినట్టు.
ముందు కట్టు, తర్వాత మాట్లాడుదాం అన్నాడు.
తర్వాత అనే మాటకి సర్‌ఛార్జి ఉంటుందని
అప్పటికే నేర్చుకున్నాను.

కరెంటాఫీసులో మూడో కిటికీ.
"మీరెవరు?"
"అద్దెకుంటాను సార్."
"కన్స్యూమర్ని రమ్మనండి."
"ఆమె రాలేరు."
"ఏం?"
చెప్పాను.
లోపలి పెన్ను ఒక్క క్షణం ఆగి
"అయితే వారసుల్ని" అంది.
వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.
ఆ రోజంతా నా తరఫున వినబడ్డ చప్పుడు
అదొక్కటే.

బయట టీ బంకు దగ్గర లైన్‌మన్ పెంచలయ్య,
గ్లాసు రెండు చేతులా పట్టుకుని:
"కాయితాలు రాస్తే ఎప్పటికి తెగేను?
ఒక రేత్రి మెయిన్ దించేసి చూడక్కా.
అప్పుడు కూడా ఎర్రలైటు కొట్టుకుంటా ఉంటే
ఆ నాడి నీది కాదు."

సెలవురోజు, తెల్లవారి నాలుగు.
మెయిన్ దించి సెల్లు వెలుగులో మెట్లు దిగాను.
చెక్కపెట్టె, నాలుగు మీటర్లు, దోమలు.
మూడో నంబరు
జ్వరమొచ్చిన పిల్లాడిలా కొట్టుకుంటోంది.
వాచీ చూసి లెక్కపెట్టాను. అలవాటు.
నిమిషానికి ముప్ఫై రెండు.
పైన, పక్క పోర్షన్లో
రాయి మీద రాయి తిరుగుతున్న మూలుగు.
అది ఆగింది.
ఎర్రచుక్క నెమ్మదించింది.
మళ్లీ మొదలైంది.
చుక్క మళ్లీ పరుగు.

మస్తానమ్మ.
దోసెపిండి, అరకిలో ప్యాకెట్టు నలభై.
ప్రతి ఆదివారం నాకొక గిన్నెడు,
"ఊరికే తీసుకో పాపా."
పద్నాలుగు నెలల ఊరికే.

మోచేతుల దాకా పిండితో దిగొచ్చింది.
తనే పైకెళ్లి స్విచ్చి ఆపింది, వేసింది, ఆపింది.
నేను కింది నుంచి చెబుతున్నాను:
ఆగింది, తిరిగింది, ఆగింది.
తర్వాత మెట్టు మీద కూలబడి అంది,
"మిషను మంచిది, కరెంటు మిగిలిస్తాదన్నాడు షాపోడు.
బిల్లు తక్కువొచ్చిన ప్రతిసారీ
వాడికి మనసులో దణ్ణం పెట్టుకున్నా."

ఇంటికి రంగులేసినప్పుడు వైర్లు తారుమారయ్యాయట.
వారసుడి సంతకంతో పెంచలయ్య సరిచేశాడు.
ఆఫీసు వాళ్లకి రావలసింది వాళ్లకి వచ్చింది,
ఎవరిచ్చారన్నది వాళ్ల పుస్తకంలో గడి కాదు.
"మీరూ మీరూ చూసుకోండి" అన్నాడు వెంకురెడ్డి గారు.

పాత బిల్లు వెనక చూసుకున్నాం.
ఇరవై ఏడు వేల చిల్లర.
చిల్లర నేను కొట్టేశాను.
నెలకి ఏడొందలు ఇస్తానంది,
అంటే మూడేళ్లు దాటుతుంది,
అందాకా ఇద్దరం ఇల్లు మారకూడదు.
గిన్నెల లెక్క తనూ తియ్యలేదు, నేనూ తియ్యలేదు.

ఈ నెల కామాక్షమ్మ గారు నా తరఫున
మూడొందల పది బాకీ.
ఆదివారం గిన్నె వస్తూనే ఉంది,
"ఊరికే" అనే మాట లేకుండా.

ప్యాకెట్టు నలభై ఐదయింది.
సందంతా గొణిగింది.
నేనొక్కదాన్నే
బేరమాడలేదు.